ఖాళీ కంచం ముందు స్తోత్రం

1

గాలి చల్లన. తడి ఎక్కువ. తలుపు తెరిచి ఉంది. విశేషాలు ఉన్నాయి.

తలుపు నమోదు రాసే కరెంటు పలక మీద విశేషాల గడిలో నేనెప్పుడూ "లేవు" అనే రాస్తాను. గాలి తలుపు కాచే మనిషి విశేషం ఉందని రాసిందంటే ఎక్కడో పైకప్పు కూలిందని అర్థం. ఇవాళ్టిది మంచి విశేషం. పాత జబ్బుల చట్టం నిలిచింది.

పైన సభలో దాన్ని ఎత్తెయ్యాలని గట్టిగా పట్టుబట్టారు. మా తమ్ముడు జయశీల్ అడ్డం నిలబడ్డాడు. మా ఐదో బాయి ఊరి తరఫున గెలిచిన సభ్యుడు వాడే. వార్త దిగగానే గల్లీల్లో జనం గిన్నెలు వాయించారు.

మా నాయన ఈ పాత బొగ్గుబాయిలో మనుషులు బతకడానికి గదులు తొలిచిన తరం. ఎండలు భరించలేక ఊళ్లకు ఊళ్లు కిందికి దిగిన రోజులవి. రాతిపొడి మింగి మింగి నాయన ఊపిరి పాడైంది. అప్పట్లో కవరు ఆఫీసు జబ్బు లేనివాళ్లకే వైద్యం కవరు, అంటే ఖర్చు భరించే బీమా, ఇచ్చేది. ఉన్న జబ్బుకి ఇవ్వదు. "ఆకలి లేనోనికే అన్నం పెడ్తరా?" అని అమ్మ కౌంటరు దగ్గర అడిగింది. నాయన పోయాక జయశీల్ అమ్మ అడిగిన ఆ మాటనే బాయి బాయికీ మోసుకెళ్లాడు. ఓట్లు వచ్చాయి. చట్టమూ వచ్చింది. పాత జబ్బు ఉందన్న కారణంతో ఎవరికీ కవరు కాదనరాదు.

సాయంత్రం చెల్లెలు కెజియా పుట్టగొడుగుల చారు కాచింది. మా ఇద్దరిదీ ఒకే గది. అది గోడలకు సున్నపు పొడి చల్లే గ్యాంగులో పనిచేసి నాయన జబ్బే తెచ్చుకుంది. దాని ఊపిరితిత్తుల్లో పల్చటి పొర వేస్తారు. ఏటా ఎండలు ముదిరేలోపు మార్చాలి. చట్టం ఉంది కాబట్టి మారుస్తున్నారు.

"మన తమ్ముడు గెలిచిండు పెద్దక్కా," అంది. దగ్గుతూనే నవ్వింది.

స్తోత్రం అన్నాను.

2

గాలి బాగుంది. తలుపు తెరిచి ఉంది.

మూత రోజు దగ్గర పడుతోంది. బయటి గాలి నిప్పులా మారే ముందు ఈ పెద్ద తలుపు మూస్తాం. వానలు పడ్డాకే మళ్లీ తెరుస్తాం. ఇవాళ సమ్మయ్యా నేనూ కీళ్లకు గ్రీజు పెట్టాం. సమ్మయ్య నా జోడీ. నేను లేనప్పుడు తలుపు అతనిది.

మూత రోజు ఒక ఆనవాయితీ ఉంది. కాపలా మనిషి తలుపు దగ్గర నిలబడి ప్రతి ఇంటి పెద్దనీ అడగాలి, "మీవాళ్లంతా వచ్చిన్రా?" అని. "అందరం వచ్చినం" అంటేనే ఆ ఇల్లు లోపల ఉన్నట్టు. ఆ మాట మీద తనిఖీ ఉండదు. తలుపు దగ్గర ఎవరూ అబద్ధమాడరు.

"ఎవరన్న ఆడితే?" అని నేను పనిలో చేరిన కొత్తలో ముసలి కాపలాదారుని అడిగాను.

"ఆడితే ఆ మనిషికి ఇల్లుండదమ్మా," అన్నాడు.

కెజియా పొర మార్పుకు రేపు పైకి పోతుంది. సమ్మయ్య దానికి కొత్త మాస్కు తెచ్చిచ్చాడు. "పైన దుమ్ము మా అత్త నోరు లెక్క, ఆగదు," అన్నాడు.

3

గాలి బాగుంది. పొద్దున కొంచెం పొడి.

కెజియా పొర మారలేదు.

కవరు కౌంటరులో దాని పేరు పాత జబ్బుల జాబితాలో లేదన్నారట. ఏళ్ల తరబడి ఉన్న పేరు. ఎందుకు లేదంటే, నయమైంది కాబట్టి తీసేశామన్నారు.

"నయమైందని ఎవరు చెప్పిన్రు?" అని ఇది అడిగింది.

"మీరే చెప్పారు," అన్నారు.

వినిపించారు కూడా. పోయిన కోత పండుగ నాడు మా ప్రార్థన గదిలో కెజియా లేచి చెప్పిన సాక్ష్యం. "నా దేవుడు నన్ను ముట్టిండు. నా ఊపిరిని సంపూర్ణంగా స్వస్థపరిచిండు. ఆయన నామానికే స్తోత్రం." దాని వెనక మా అందరి ఆమెన్. నా గొంతూ ఉందట అందులో. "నీది గుర్తుపట్టిన పెద్దక్కా," అంది కెజియా.

గోడ చెవులు విన్నాయి. పైకప్పు ఎక్కడ పగులుతుందో ముందే కనిపెట్టడానికి రాళ్లలో బిగించిన చెవులవి. అవి రాయినే వింటాయనుకున్నాం, మా మాటలు కవరు ఆఫీసుకు మోస్తాయనుకోలేదు.

"మీ దేవుని కంటే ముందు గోడ విన్నది గదా దయక్కా," అన్నాడు సమ్మయ్య. తర్వాత నా ముఖం చూసి గ్రీజు డబ్బా సర్దుకున్నాడు.

మా అలవాటు తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. మేము దొరికాక కృతజ్ఞత చెప్పం. దొరక్కముందే చెప్తాం. పిల్లకు ఉద్యోగం ఇచ్చినందుకు స్తోత్రం అంటాం, పిల్ల ఇంకా పరీక్షే రాయదు. నన్ను స్వస్థపరిచావు అంటాం, మందులు మింగుతూనే. అది నమ్మకం. అబద్ధం కాదు. నయమైందన్న కబురూ కాదు. మా గుంపులో చిన్నపిల్లకు కూడా ఈ సంగతి తెలుసు.

4

గాలి బాగుంది.

జయశీల్ వచ్చాడు. కబురు పెట్టిన రోజే దిగాడు. దారిపొడుగునా జనం దండలు వేశారట, మెడలో ఇంకా రెండు మిగిలాయి. తీసి కొక్కేనికి తగిలించి, చేతులు కడుక్కుని, చిన్నప్పటిలాగే పొయ్యి పక్కన గొంతుక్కూచున్నాడు.

సభలో వాడు మాట్లాడే తెలుగు వేరు. ఇంట్లో మాది.

"ఏందే, గట్ల సన్నగైనవ్?" అన్నాడు కెజియాతో.

"నీ చట్టం తిని," అంది ఇది.

వాడు నవ్వాడు. నేనే అడిగాను. నయమైనవాళ్లను తీసెయ్యడం ఎక్కణ్ణుంచి వచ్చిందని. చట్టం నిలబెట్టేటప్పుడు ఒక చిన్న సవరణకు ఒప్పుకోవలసి వచ్చిందన్నాడు. నయమైనవారు పాత జబ్బు వారు కారు. మళ్లీ జబ్బు చేస్తే కొత్తవారిగా రావాలి. "చట్టం వద్దనే అటోళ్లకు ఏదో ఒకటి చేతిల పెట్టాలె గదక్కా. వట్టి చేతులతో ఎవడు పోతడు?"

"కొత్తోళ్లకు కవరు ఇయ్యరా?"

"ఇస్తరు. కాదనొద్దని చట్టమే ఉన్నది."

"ఎప్పుడు?"

"ఆగాలె కొంచెం." చారులో అన్నం కలుపుతూ అన్నాడు. "ఎండకాలం దాటినాక."

చట్టం కాదనవద్దంది. ఆగమనవద్దు అనలేదు. అమ్మ బతికి ఉంటే అక్కడే పట్టుకునేది.

కెజియా పొర వానల దాకా ఆగదు. డాక్టరు పోయిన ఏడే చెప్పాడు. జయశీల్‌కూ తెలుసు.

"విచారణ ఉంటది అక్కా. అడుగుతరు. మన మాట ఏందో చెప్తే అయిపోతది. నేనున్నగదా," అన్నాడు. కెజియా తల మీద చెయ్యి వేసి పోయాడు. దండలు మరిచిపోయాడు. కెజియా వాటి పూలు విడదీసి పుట్టగొడుగుల మడికి ఎరువేసింది.

5

తలుపు సమ్మయ్యకు అప్పగించి పైకి వెళ్లాను. విచారణ.

అధికారిణి చెడ్డ మనిషి కాదు. మాకు కూర్చోను బల్ల వేయించింది, నీళ్లు ఇప్పించింది. వెలుతురుకు కళ్లు చికిలిస్తున్నామని కిటికీ తెర దించింది.

"అమ్మా కెజియా, మీరు స్వస్థత పొందానని చెప్పారు. అది నిజమైతే పాత జబ్బు లేదు. కొత్తవారిగా ఆగాలి. నిజం కాదంటే అది తప్పుడు ప్రకటన. అప్పుడు ఆగే వరసలో కూడా చోటుండదు. మీరు ఏది చెప్తారు?"

"రెండూ కాదమ్మా," అంది కెజియా. "అది మేము దేవునితో మాట్లాడే తీరు. ముందుగాలనే స్తోత్రం చెప్తం."

అధికారిణి తల ఊపింది. నిజంగానే వింది. "మీ సంఘంలో అలాంటి అలవాటు ఉందని ఎవరైనా ధ్రువపరిస్తే నేను పేరు మళ్లీ ఎక్కిస్తాను. అందులో ఇబ్బంది లేదు. మీ పాస్టరుగారి మాట మీ పక్షం అవుతుంది, కుదరదు. నియమం ప్రకారం ఎన్నికైన సభ్యుణ్ణి అడగాలి." కాగితం చూసి చిన్నగా నవ్వింది. "సభ్యుడు మీ తమ్ముడే. మీకింక భయమేముంది?"

నాకూ భయం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. ఆ క్షణం లోపల స్తోత్రం అనుకున్నాను. ముందుగానే.

జయశీల్ లేచాడు. మా వైపు చూశాడు. తర్వాత సభ తెలుగులో చెప్పాడు.

"నేను ఆ సంఘంలోనే పుట్టి పెరిగాను. మావాళ్లు దేవుని సన్నిధిలో అసత్యం పలకరు. స్వస్థత పొందానని సాక్ష్యమిచ్చారంటే పొందినట్టే. ఇందులో వేరే అర్థం లేదు."

కెజియా నా చెయ్యి పట్టుకుంది.

అధికారిణి వెంటనే రాయలేదు. "సభ్యులు ఇంకోసారి ఆలోచించి చెప్తారా?" అంది.

"అవసరం లేదు," అన్నాడు.

6

ఇది కూడా నిన్నటిదే. రాత్రి రాయలేకపోయాను. గాలి బాగుంది.

విచారణ గది బయట వరండాలో జయశీల్ మా వెనక పరుగెత్తుకొచ్చాడు. కెజియాను బల్ల మీద కూర్చోబెట్టి నేను నిలబడ్డాను.

"అక్కా, జర విను. నేను అట్ల కాదు, అది ఉత్త అలవాటు అంటే, రేపు ప్రతి సాక్ష్యం ఉత్తదే అయితది. ఆ సవరణ ఒక్క మనిషి మీద కూడా పనిచెయ్యది. అప్పుడు అటోళ్లు ఊకుంటరా? చట్టం మల్ల ఓటుకు వస్తది. ఈసారి పోతది. ఎంతమంది అక్కా! ఎన్ని బాయిలు! మొత్తం పోతది."

"మొత్తంల కెజియా లేదా?"

"నా సొంత అక్కకే మినహాయింపు ఇచ్చుకున్న అంటరు."

"మినహాయింపు ఎవరడిగిన్రు? మన తీరు ఏందో చెప్పుమన్నరు."

వాడు కింది పెదవి కొరుక్కున్నాడు. చిన్నప్పుడూ అంతే.

"నేను నిజంగనే నమ్మిన అనుకో," అన్నాడు మెల్లగా. "దానికి నయమైందని నమ్మిన అనుకో. మీరు నమ్మలేదా మరి? ఆమెన్ అన్నరు గదా."

రాతి గోడకు వీపు ఆనించి నిలబడ్డాను. నాయన జబ్బు పడ్డ ఏడు మా ఇంట్లో బియ్యం ఉండేవి కావు. అమ్మ ముగ్గురికీ కంచాలు పెట్టి, అన్నం పెట్టినందుకు స్తోత్రం ప్రభువా అని చెప్పించేది. ఖాళీ కంచాలు. జయశీల్ కళ్లు తెరిచి "ఏదమ్మా?" అనేవాడు. "వస్తది, ముందు స్తోత్రం చెప్పు," అనేది. చెప్పేవాడు. ఎవరో ఒకరు గిన్నె పట్టుకుని వచ్చేవారు. రాని రోజులూ ఉన్నాయి. రాని రోజు కూడా అమ్మ అబద్ధమాడిందని వాడు అనలేదు.

"ఖాళీ కంచం ముందు స్తోత్రం చెప్పినోనివి నువ్వు," అన్నాను. "దానికి వేరే అర్థం లేదని చెప్పొచ్చినవ్."

వాడిని ఎవరో పిలిస్తే వెళ్లాడు.

కెజియా దగ్గు ఆగాక, "పాపం, వాడు చిక్కిపోయిండు పెద్దక్కా," అంది.

7

ఆదివారం. గాలి బాగుంది.

జయశీల్ ప్రార్థనకు వచ్చాడు. రాడనుకున్నాను. ఎప్పుడూ కూర్చునే చోట, నాయన కూర్చునే చోట కూర్చున్నాడు. సాక్ష్యాల వేళ లేచాడు.

"మన చట్టం నిలిచినందుకు దేవునికి స్తోత్రం."

అక్కడ అందరూ ఆమెన్ అనాలి. ఎవరు ఏం చెప్పినా అంటాం. పోయిన నెల ఏసుదాసు మామ మేక ఈనిందన్నా అన్నాం. ఇవాళ ఎవరూ అనలేదు. ముందు వరసలోని ఆడవాళ్లు పైట సర్దుకున్నారు. గాలి పంకా చప్పుడు వినిపించింది. పాస్టరమ్మ గ్రంథంలో పేజీ వెతుకుతున్నట్టు తల దించుకుంది. నేనూ అనలేదు. నోరు తెరిస్తే వచ్చేదేమో, తెరవలేదు.

అప్పుడు కెజియా అంది. "ఆమెన్."

సన్నగా, గాలి తీసుకుని.

జయశీల్ కూర్చున్నాడు. కూర్చున్నాక తల ఎత్తలేదు.

దారిలో అడిగాను, ఎందుకన్నావని. "చట్టం నిలిచింది గదా. ఆరో బాయిల మరియమ్మకు పొర మార్చిన్రు. ఆ మాట నిజమే గదా పెద్దక్కా." తర్వాత కొంచెం దూరం నడిచి, "నేను అనకపోతే వాడు ఎట్ల కూసుంటడు?" అంది.

ఆ రోజు సాక్ష్యం చెప్పడానికి ఇంకెవరూ లేవలేదు. పాస్టరమ్మ రెండుసార్లు పిలిచింది. అందరూ గోడ వైపు చూశారు.

8

గాలి వేడెక్కుతోంది. తలుపు పగలు సగం.

కెజియా కొత్తవారి షెడ్డుకు పోయింది. పైన, కవరు ఆస్పత్రి వెనక రేకుల షెడ్డు. పిలుపు వచ్చినప్పుడు కొత్తవారు ఎదురుగా ఉండాలి. కిందికి దిగితే వరస చివరికి. ఎండకాలం కిందనే చల్లగా ఉండిపోతే పొర మారక ఊపిరాడదు. పైన ఉంటే ఎండ. ముందు ఎవరైనా తప్పుకుంటే పిలుపు ముందే రావచ్చని కౌంటరు పిల్ల గుసగుసగా చెప్పిందట. ఆ గుసగుస పట్టుకుని పోయింది.

నేనూ వస్తానన్నాను.

"నువ్వు వస్తే తలుపు ఎవరు మూస్తరు? సమ్మయ్యకు కీలు చప్పుడైతేనే గుండె గాబరా," అంది.

సమ్మయ్య పక్కనే ఉన్నాడు. "నా గుండె మంచిదే, పెండ్లాం పాడుచేసింది," అన్నాడు. ఎవరమూ నవ్వలేదు. అతను కెజియా సంచి మోసుకుంటూ పై మలుపు దాకా పోయి వచ్చాడు.

జయశీల్ వచ్చి మాటిచ్చాడు. "నేను పైననే ఉంట అక్కా. సభ్యులకు చల్ల గది ఉంటది, నాకు అది వద్దు. షెడ్డుల దాని పక్కన్నే ఉంట. పిలుపు వచ్చినా రాకున్నా. నువ్వు తలుపు చూస్కో."

ఇంట్లో మా మాటలో చెప్పాడు. అందుకే నమ్మాను. వాడి చేతిలో కెజియా మందుల డబ్బా, తడి గుడ్డలు, అమ్మ నీళ్ల బుర్ర పెట్టాను. ప్రార్థన చేసి పంపించాను. కాపాడు ప్రభువా అన్నాను. కాపాడావు అనలేదు. ఆ తేడా నాకే వినిపించింది.

9

మూత రోజు. గాలి వేడి. తలుపు మూసే వేళ.

పొద్దున్నుంచీ జనం దిగుతున్నారు. పరుపులు, కోళ్ల గంపలు, కుట్టు మిషన్లు. నేను తలుపుకు ఒక పక్క, సమ్మయ్య ఇంకో పక్క.

"మీవాళ్లంతా వచ్చిన్రా?"

"అందరం వచ్చినం."

ఏసుదాసు మామ, "మేకతో సహా," అన్నాడు.

జనం పల్చబడ్డాక మలుపు దగ్గర జయశీల్ కనిపించాడు. చేతిలో సూట్‌కేసు. ఒక్కడే.

వాడి వెనక చూశాను. వేడికి గాలి నీళ్లలా కదులుతోంది. మనిషి జాడ లేదు.

తలుపు దగ్గరికి వచ్చి ఆగాడు. చొక్కా తడిసి వీపుకు అంటుకుంది. నా ముఖం చూడకుండా సూట్‌కేసు చెయ్యి మార్చుకున్నాడు. నేను అక్కగా ఏమీ అడగలేదు. తలుపు మనిషిగా అడగవలసింది అడిగాను.

"మీవాళ్లంతా వచ్చిన్రా?"

"అక్కా..."

"తలుపు కాడ అందర్నీ అడుగుత."

వాడి వెనక ఇంకో రెండు ఇళ్ల వాళ్లు నిలబడి ఉన్నారు. పిల్ల ఒకతి వేడికి ఏడుస్తోంది. వాడు వాళ్ల వైపు చూశాడు, లోపలి చల్ల చీకటి వైపు చూశాడు.

"అందరం వచ్చినం," అన్నాడు.

సమ్మయ్య చేతిలోని ఇనుప కడ్డీ కింద పెట్టాడు.

"చెల్లె ఎక్కడుంది తమ్మీ?" అప్పుడు అక్కగా అడిగాను.

"షెడ్డులనే ఉన్నది. మంచిగనే ఉన్నది. తడి గుడ్డ కప్పి వచ్చిన. నేనుండి ఏం చేసేటిది అక్కా, పిలుపు నా చేతిల లేదు. లోపల ఊరికి సభ్యుడు ఉండాలె. ఎండకాలం నీళ్ల పంచాయితీలు..." ఆగిపోయాడు. "పొమ్మని అదే చెప్పింది."

చెప్పి ఉంటుంది. కెజియా ఎవర్నైనా పొమ్మంటుంది.

పక్కకు జరిగాను. వాడికి దారి ఇచ్చాను. తలుపు దాకా వచ్చినవాళ్లెవర్నీ బయట వదలకూడదన్నది నియమం. వాడు లోపలికి పోయాడు. వెనక రెండు ఇళ్లనూ అడిగాను. అందరం వచ్చినం అన్నారు. వాళ్లు నిజంగానే వచ్చారు.

సమ్మయ్య చేతికి తలుపు గొలుసు ఇచ్చాను.

"దయక్కా, మూసినంక వానల దాక తెరవరాదు," అన్నాడు.

"తెలుసు. నేనే గదా నీకు నేర్పింది."

"కీలు చప్పుడైతే నాకు..."

"ఎడమ కీలు మీద చెయ్యి పెట్టి నొక్కు. చప్పుడు రాదు."

అతను తన నీళ్ల సీసా, తల గుడ్డ నా చేతిలో పెట్టాడు. నేను మలుపు ఎక్కుతుంటే వెనక నుంచి కీలు చప్పుడు వినపడలేదు. బాగా నొక్కాడు.

10

ఇది తలుపు నమోదు కాదు. అయినా నా పలక ఇక్కడా పనిచేస్తోంది. సమ్మయ్యా, కింద నువ్వు చదువుతావని రాస్తున్నాను.

గాలి: రేకుల కింద గాలి ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. సాయంత్రం కాస్త నయం.

నన్ను చూసి కెజియా తిట్టింది. తిట్టడానికి దానికి ఊపిరి చాలలేదు, సగంలో ఆపింది. తడి గుడ్డ ఎండి అట్టలా ఉంది. మళ్లీ తడిపాను. నీ సీసా నీళ్లతోనే. అమ్మ నీళ్ల బుర్ర తలగడ పక్కన ఉంది, ఖాళీ. వాడు నింపే పోయాడట. ఎప్పుడో పోయాడు.

"వాడు లోపలికి పోయిండా?" అని అడిగింది.

"పోయిండు."

"తలుపు కాడ ఏమన్నడు?"

చెప్పాను. అది చాలాసేపు పైరేకు వైపు చూస్తూ పడుకుంది. ఏడవలేదు. ఏడిస్తే దగ్గు వస్తుంది.

పిలుపు రాలేదు. షెడ్డులో మాలాంటివాళ్లు చాలామందే. సగం మంది మా ప్రార్థన గదుల వాళ్లే, వేరే వేరే బాయిల నుంచి. ఒకామె సాక్ష్యం పాటగా పాడిందట. దాన్ని కూడా వినిపించారట.

తిండి బండి ఇంకా రాలేదు. కెజియా రెండు కంచాలు తీసి ముందర పెట్టింది. మన కిందివాళ్ల అలవాటు పోదు.

"స్తోత్రం చెప్పు పెద్దక్కా."

దూలం దగ్గర ఒక చెవి ఉంది. చిన్నది, కొత్తది. ఇక్కడ కూలడానికి రాయి లేదు. అది దేన్ని వింటోందో ఇద్దరికీ తెలుసు. కెజియా కూడా అటే చూసి కళ్లు దించుకుంది.

కళ్లు మూసుకున్నాను. అమ్మ నేర్పిన మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఉంచి గట్టిగా, ఆ చెవికి కూడా బాగా అందేలా చెప్పాను.

"ప్రభువా, కంచాలు ఖాళీగా ఉన్నాయి. నా చెల్లెలికి ఊపిరాడడం లేదు. దానికి జబ్బు ఉంది, పాతది. చూడు. ఆమెన్."

చుట్టుపక్కల మంచాల మీంచి ఆమెన్లు వినపడ్డాయి. ఎంతమందో చూడలేదు.

కెజియా నా మోకాలి మీద తల పెట్టుకుంది. కింద ఇప్పుడు నువ్వు ఆఖరి గొలుసు బిగిస్తూ ఉంటావు. దానికీ ఆ వేళ గుర్తొచ్చినట్టుంది. నా గొంతును వెక్కిరిస్తూ, ఏటా మూత రోజు నేను పెట్టే గంభీరపు గొంతుతో అడిగింది.

"మీవాళ్లంతా వచ్చిన్రా?"

తలుపు దగ్గర అబద్ధమాడకూడదు. ఇక్కడ తలుపు లేకపోయినా, ఆలోచించే చెప్పాను.

"అందరం వచ్చినం," అన్నాను. "ఇద్దరం."